రాయి తనంతట తానే నిలిచిందా, ఎవరైనా నిలబెట్టారా?

తెలంగాణలో నారాయణపేట జిల్లా కృష్ణా మండలంలో ముడుమల్ అనే ఊరు ఉంది. కృష్ణా నదికి దగ్గరలో, పొలాల మధ్య, మనిషికి రెండింతల ఎత్తున్న రాళ్లు నిటారుగా నిలబడి కనిపిస్తాయి. ఇలాంటి పెద్ద రాళ్లు దాదాపు 80 ఉన్నాయి. వీటి ఎత్తు 10 నుంచి 14 అడుగులు. చుట్టుపక్కల ఊళ్లవాళ్లు వీటిని నిలువురాళ్లు అంటారు. ‘నిలురాళ్ల తిమ్మప్ప’ అని మొక్కుతారు. ఒక రాయిని ఎల్లమ్మగా కొలుస్తారు. 2025 మార్చిలో ఈ స్థలం యునెస్కో ప్రపంచ వారసత్వ ప్రదేశాల తాత్కాలిక జాబితాలో చేరింది.

ముడుమల్‌కు సుమారు 5,000 కిలోమీటర్ల ఉత్తరాన, రష్యాలోని ఉత్తర యురల్ పర్వతాల్లో మరో రాళ్ల గుంపు ఉంది. దాని పేరు మాన్‌పుపున్యోర్. ఏడాదిలో ఎక్కువ కాలం మంచు కప్పి ఉండే ఒక చదునైన కొండ మీద 30 నుంచి 42 మీటర్ల ఎత్తున ఏడు రాతి స్తంభాలు నిలిచి ఉన్నాయి. ఎత్తులో అవి పది, పన్నెండు అంతస్తుల భవనాలతో సమానం. దగ్గరలో ఊళ్లు లేవు. అక్కడి మూలవాసులైన మాన్సీలకు అది పవిత్ర స్థలం. తమ మీదికి దండెత్తి వచ్చిన రాక్షసులే అలా రాళ్లుగా మారిపోయారని వాళ్ల కథ.

మన దగ్గర కూడా పాతకాలపు పెద్దరాళ్ల సమాధులను చాలా ఊళ్లలో ‘రాక్షసగుళ్లు’ అనే పిలుస్తారు. ఒకరికొకరు తెలియని రెండు సమాజాలు నిలబడిన రాళ్లను చూసి ఒకేలా ఆలోచించాయి. ఇంత బరువును మామూలు మనుషులు ఎత్తలేరు కాబట్టి ఇది రాక్షసుల పనే అయి ఉంటుందని అనుకున్నాయి.

నిజానికి మాన్‌పుపున్యోర్ స్తంభాలు ప్రకృతి చెక్కినవి. ముడుమల్ రాళ్లు మనుషులు నిలబెట్టినవి. ఈ తేడాను శాస్త్రవేత్తలు ఎలా చెప్పగలుగుతున్నారు? దానికి ఆధారం చాలావరకు రాయిలో కాకుండా, రాయి కింద, దాని చుట్టూ ఉన్న నేలలో దొరుకుతుంది. అందుకే నేల చెదిరిపోతే, రాయి అలాగే ఉన్నా దాని చరిత్ర పోయినట్టే.

మంచు చెక్కిన స్తంభాలు

ఒకప్పుడు యురల్ పర్వతాలు ఇప్పటికన్నా చాలా ఎత్తుగా ఉండేవి. కోట్ల సంవత్సరాలుగా గాలి, నీరు, మంచు వాటిని అరగదీస్తూ వచ్చాయి. రాళ్లన్నీ ఒకే వేగంతో అరిగిపోవు. మెత్తని పొరలు ముందు పోతాయి, గట్టివి మిగులుతాయి. మాన్‌పుపున్యోర్‌లో మిగిలినది పలుగురాయి ఎక్కువగా ఉన్న గట్టి పలకల శిల. దాని చుట్టూ ఉన్న మెత్తని శిల అంతా కొట్టుకుపోయింది. అంటే ఆ స్తంభాలు నేలలోంచి పైకి పెరగలేదు, చుట్టూ ఉన్న నేలే కిందికి దిగిపోయింది.

ఈ పనిలో మంచుది పెద్ద పాత్ర. నీరు గడ్డకడితే దాని ఘనపరిమాణం దాదాపు 9 శాతం పెరుగుతుంది. రాతి బీటల్లోకి చేరిన నీరు గడ్డకట్టినప్పుడు బీటను రెండు వైపులకూ నెడుతుంది. అంతటితో ఆగదు. ఉష్ణోగ్రత సున్నాకు కొన్ని డిగ్రీల దిగువన చాలాసేపు నిలకడగా ఉంటే, బీటలోని మంచు గడ్డ పక్కనున్న సన్నని రంధ్రాల్లోంచి ఇంకా నీటిని లాక్కుంటుంది. అలా గడ్డ పెరుగుతూ పోయి బీట మరింత వెడల్పవుతుంది. శీతల ప్రాంతాల కొండల మీద ఇది ప్రతి ఏటా జరిగే పనే. ఒక్క ఏడాదిలో కంటికి మార్పు కనిపించదు. లక్షల ఏళ్లు గడిస్తే కొండ రూపమే మారిపోతుంది.

మంచు లేని చోట

మరి దక్కన్‌లో అంత చలి లేదు. అయినా హైదరాబాద్ చుట్టుపక్కల బండ మీద బండ పేర్చినట్టు నిలిచిన రాళ్లు ఎన్నో ఉన్నాయి. హైదరాబాద్ విశ్వవిద్యాలయం ప్రాంగణంలోని ‘పుట్టగొడుగు రాయి’ అందరికీ తెలిసినదే. ఇక్కడ మంచు చేసిన పనిని వాన నీరు చేసింది.

ఈ ప్రాంతపు గ్రానైట్ వయసు సుమారు 250 కోట్ల సంవత్సరాలు. భూమి లోతుల్లో చల్లబడి గట్టిపడిన ఈ శిలలో నిలువుగా, అడ్డంగా బీటలు ఉంటాయి. వాన నీరు గాలిలోని, నేలలోని కార్బన్ డయాక్సైడ్‌ను కలుపుకొని కొద్దిగా ఆమ్ల గుణం పొందుతుంది. ఆ నీరు బీటల వెంట దిగి, గ్రానైట్‌లోని ఫెల్డ్‌స్పార్ అనే ఖనిజాన్ని నెమ్మదిగా బంకమన్నుగా మారుస్తుంది. మూలలకు రెండు మూడు వైపుల నుంచి నీరు తగులుతుంది కాబట్టి అవి ముందు కరుగుతాయి. అలా నలుచదరపు దిమ్మె గుండ్రని బండగా మారుతుంది. ఇదంతా నేల కింద జరిగే పని. తరవాత పైమట్టి కొట్టుకుపోతే లోపలి బండలు ఒకదాని మీద ఒకటి నిలిచి బయటపడతాయి. చూసినవాళ్లకు ఎవరో పేర్చినట్టు అనిపిస్తుంది.

యురల్‌లో మంచు, హైదరాబాద్‌లో నీరు. దారులు వేరైనా సూత్రం ఒకటే. బీట ఉన్నచోట శిల బలహీనపడుతుంది, బీట లేని ముక్క నిలుస్తుంది.

మనిషి చేతి గుర్తులు

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం. ఒక రాయి నిటారుగా కనిపించినప్పుడు పరిశోధకులు ఏం చూస్తారు?

మొదట దాని మొదలు చూస్తారు. ప్రకృతి చెక్కిన స్తంభం కింద ఉన్న తల్లి శిలతో కలిసి ఉంటుంది. లేదా తల్లి శిల మీదే కూర్చుని ఉంటుంది. స్తంభంలోని పొరలు, బీటలు ఏ దిశలో ఉన్నాయో కింది శిలలోనూ చాలావరకు అదే దిశలో ఉంటాయి. మనిషి నిలబెట్టిన రాయికి అలాంటి వేరు ఉండదు. దాని మొదలు మట్టిలో తవ్విన గుంటలో ఉంటుంది.

రెండోది, ఆ గుంట. ఒకసారి తవ్వి పూడ్చిన మట్టి మళ్లీ ఎప్పటికీ మునుపటిలా ఉండదు. దాని రంగు, గట్టిదనం, పొరల వరుస మారిపోతాయి. వేల ఏళ్ల తరవాత కూడా జాగ్రత్తగా తవ్వితే గుంట అంచు గీత గీసినట్టు తెలుస్తుంది. రాయి ఒరగకుండా చుట్టూ బిగించిన చిన్న రాళ్లు కూడా దొరుకుతాయి. ఇంటి ముందు గుంజ పాతేటప్పుడు మనం చుట్టూ రాళ్లు వేసి గునపంతో దట్టించడం లాంటిదే ఇది.

మూడోది, రాయి తిరిగిన తీరు. గ్రానైట్ గుట్టల పైభాగంలో నేలకు సమాంతరంగా బీటలు వచ్చి, పలకల్లాంటి బండలు ఊడివస్తాయి. పొడవైన పలకను ఎత్తి నిలబెడితే, ఒకప్పుడు అడ్డంగా ఉన్న ముఖం ఇప్పుడు నిలువుగా కనిపిస్తుంది. రాయిలోని తెల్లని పలుగు చారలు కూడా చుట్టుపక్కల శిలలోని చారల దిశతో కలవవు.

నాలుగోది, అమరిక. ఒక్క రాయి చాలాసార్లు ఏమీ చెప్పదు. ముడుమల్‌లో పెద్ద రాళ్లతో పాటు వేల సంఖ్యలో చిన్న రాళ్లు వరుసలుగా పాతి ఉన్నాయి. ఇన్ని రాళ్లను ప్రకృతి ఇలా గీత గీసినట్టు పేర్చదు. బ్రిటిష్ పురావస్తు శాస్త్రవేత్త ఎఫ్.ఆర్. ఆల్చిన్ 1956లోనే నాటి హైదరాబాద్ రాష్ట్రపు దక్షిణ ప్రాంతంలోని రాళ్ల వరుసల గురించి వ్యాసం ప్రచురించారు. తరవాతి కాలంలో హైదరాబాద్ విశ్వవిద్యాలయానికి చెందిన ఆచార్య కె.పి. రావు ముడుమల్‌ను విస్తృతంగా అధ్యయనం చేశారు.

ఆరున్నర టన్నుల లెక్క

రాక్షసులు లేకుండా ఇది సాధ్యమేనా? ఒక చిన్న లెక్క వేసి చూద్దాం. 4 మీటర్ల పొడవు, 1 మీటరు వెడల్పు, 60 సెంటీమీటర్ల మందం ఉన్న పలకను ఊహించుకుందాం. దాని ఘనపరిమాణం 2.4 ఘనపు మీటర్లు. ఘనపు మీటరు గ్రానైట్ బరువు సుమారు 2.7 టన్నులు. కాబట్టి పలక బరువు దాదాపు 6.5 టన్నులు.

పడుకున్న పలకను ఒక కొస పట్టుకుని లేపాలంటే మొత్తం బరువు ఎత్తనక్కర్లేదు. రెండో కొస నేల మీదే ఉంటుంది కాబట్టి సగం, అంటే సుమారు 3.25 టన్నులు ఎత్తితే చాలు. ఒక్కొక్కరు 40 కిలోల బలం పెడితే దాదాపు 80 మంది కావాలి. అంతమంది ఒక కొస దగ్గర నిలబడటానికే చోటు చాలదు. కానీ పొడవాటి దుంగలను మీటలుగా వాడి, 1కి 5 నిష్పత్తిలో బలాన్ని పెంచుకుంటే 16, 17 మంది సరిపోతారు. కొస జానెడు లేవగానే కింద రాళ్లు పెట్టాలి. మళ్లీ ఎత్తాలి, మళ్లీ రాళ్లు పెట్టాలి. మొదలు వైపు ముందే తవ్విన గుంటకు ఒక పక్క వాలు ఉంటే, పలక అందులోకి జారుతుంది. చివరి భాగం మోకులతో లాగి నిటారు చేయవచ్చు.

ఏ రాయిని ఎలా ఎత్తారన్నది ఆ రాయి గుంటను పరిశీలిస్తేనే తెలుస్తుంది. మామూలు మనుషులు, దుంగలు, తాళ్లు ఉంటే సాధ్యమేనని మాత్రం ఈ లెక్క చెబుతుంది. ఇలాంటి రాళ్లు 80 నిలబెట్టాలంటే కూడగట్టేవాళ్లు, వండిపెట్టేవాళ్లు, ఏ రాయి ఎక్కడ పాతాలో నిర్ణయించేవాళ్లు కూడా ఉండాలి. నిలువురాళ్లు అలాంటి కట్టుబాటు ఉన్న ఒక సమాజానికి సాక్ష్యం.

రెండు వయసులు

నిలువురాయికి రెండు వయసులు ఉంటాయి. శిల పుట్టిన కాలం ఒకటి, దాన్ని నిలబెట్టిన కాలం ఒకటి. గ్రానైట్‌ను పరీక్షిస్తే 250 కోట్ల సంవత్సరాలు అని జవాబు వస్తుంది. అది నిజమే కానీ, మనం అడిగింది అది కాదు. ముడుమల్ రాళ్లను నిలబెట్టి 3,500 నుంచి 4,000 ఏళ్లు అయి ఉంటుందని పరిశోధకుల అంచనా.

నిలబెట్టిన కాలం తెలుసుకోవడానికి రెండు దారులు ఉన్నాయి. గుంటలో పాతకాలపు బొగ్గు ముక్క దొరికితే, అందులోని కార్బన్-14 ఎంత తగ్గిందో కొలుస్తారు. అది 5,730 ఏళ్లకు సగమవుతుంది. రెండో దారిలో రాయి అడుగున ఉన్న ఇసుక రేణువులను పరీక్షిస్తారు. పలుగు రేణువు చీకట్లో ఉన్నంతకాలం, మట్టిలోని సహజ వికిరణం వల్ల దానిలో కొంత శక్తి పోగవుతూ ఉంటుంది. ఎండ తగిలితే ఆ శక్తి బయటికి పోయి లెక్క మళ్లీ సున్నాకు వస్తుంది. ప్రయోగశాలలో ఆ రేణువు మీద వెలుగు ప్రసరింపజేస్తే, పోగైన శక్తి సన్నని కాంతిగా వెలువడుతుంది. దాన్ని కొలిచి ఆ ఇసుక చివరిసారిగా ఎప్పుడు వెలుతురు చూసిందో లెక్కగడతారు. రాయిని పాతిన రోజే ఆ మట్టి వెలుతురు చూసిన చివరి రోజు.

ఈ రెండు పద్ధతులకూ ఒకటే షరతు. మట్టి కదలకూడదు. నాగలి, ట్రాక్టరు, పునాది గుంట, నిధి కోసం తవ్వినవాడి పార, ఏది తగిలినా పాత ఇసుకలో కొత్త ఇసుక కలిసిపోతుంది. అక్కడితో గడియారం చెడినట్టే.

సూర్యుడి వైపు వరుసలు

ముడుమల్‌లో కొన్ని వరుసలు జూన్, డిసెంబరు అయనాంతాల రోజున సూర్యుడు ఉదయించే, అస్తమించే దిశలతో సరిపోతున్నాయని పరిశోధకులు గుర్తించారు. ఒక రాయి మీద చెక్కిన చిన్న గుంటలు సప్తర్షి మండలాన్ని పోలి ఉన్నాయని కూడా కె.పి. రావు వివరించారు.

సూర్యుడు ప్రతి రోజూ సరిగ్గా తూర్పునే ఉదయించడు. విషువత్తు రోజుల్లోనే అలా జరుగుతుంది. జూన్ 21 నాటికి ఉదయ స్థానం వీలైనంత ఉత్తరానికి, డిసెంబరు 22 నాటికి వీలైనంత దక్షిణానికి జరుగుతుంది. ఎంత జరుగుతుందన్నది అక్షాంశాన్ని బట్టి మారుతుంది. సుమారు 16.4 డిగ్రీల ఉత్తర అక్షాంశంలో ఉన్న ముడుమల్‌లో ఇది తూర్పు నుంచి దాదాపు 24.5 డిగ్రీలు. 62 డిగ్రీల అక్షాంశంలో ఉన్న మాన్‌పుపున్యోర్‌లో దాదాపు 58 డిగ్రీలు. అక్కడ జూన్‌లో సూర్యుడు ఈశాన్యం కూడా దాటి, ఉత్తరానికి దగ్గరగా పైకి వస్తాడు.

ఇక్కడ శాస్త్రం ఒక జాగ్రత్త చెబుతుంది. 80 రాళ్లలో ఏ రెండింటిని కలిపినా ఒక గీత వస్తుంది. అలాంటి గీతలు 3,160. జూన్ ఉదయానికి ఎదురు దిశ దాదాపుగా డిసెంబరు అస్తమయ దిశే కాబట్టి, అయనాంతాల గీతలు మొత్తం రెండు. ఒక్కోదానికి అటూ ఇటూ ఒక డిగ్రీ తేడాను అనుమతిస్తే, 180 డిగ్రీల్లో 4 డిగ్రీలు వాటి వాటా. రాళ్లు ఎలా పడితే అలా ఉన్నా, 3,160 గీతల్లో దాదాపు 70 సూర్యుడి దిశతో కలిసిపోతాయి! కాబట్టి రెండు రాళ్లు కలిస్తే అది సాక్ష్యం కాదు. మూడు, నాలుగు, పది రాళ్లు ఒకే గీత మీద ఉండాలి. పక్క వరుస కూడా అదే దిశలో సాగాలి. అప్పుడే యాదృచ్ఛికం అన్న వాదన వీగిపోతుంది.

ఆ పది రాళ్లు ఎక్కడివి? పెద్ద రాళ్ల మధ్య ఉన్న చిన్న రాళ్లే. పొలం చదును చేసినా, గట్టు వేసినా, ఇంటికి పునాది కట్టినా మొదట పోయేవి అవే. పెద్ద రాయిని కదిలించాలంటే యంత్రం కావాలి. చిన్న రాయిని ఒక మనిషి తీసి పక్కన పెట్టగలడు. తీసినవాడికి అది పంటకు అడ్డొచ్చిన రాయి మాత్రమే, కానీ ఒక వరుసలో అది ఒక అక్షరం.

మంచి ఉద్దేశంతో చేసే పని కూడా కీడు చేయవచ్చు. భూమి అక్షం వాలు 3,500 ఏళ్ల కిందట సుమారు 23.9 డిగ్రీలు, ఇప్పుడు సుమారు 23.4 డిగ్రీలు. దీనివల్ల ముడుమల్‌లో అయనాంతపు ఉదయ స్థానం దాదాపు అర డిగ్రీ, అంటే సుమారు ఒక సూర్యబింబం వెడల్పు అంత జరిగింది. ఇంత సన్నని తేడాను పట్టుకోవాలంటే రాళ్లు అసలు చోటనే ఉండాలి. ఒరిగిన రాయిని అంచనాగా సరిచేసి సిమెంటు పోస్తే చూడటానికి బాగుంటుంది, కానీ ఆ కొలత శాశ్వతంగా పోతుంది.

భిలాయ్‌కి దగ్గరలో

నిలువురాళ్ల కథ తెలుగు రాష్ట్రాలతో ఆగదు. సోవియట్ సహకారంతో కట్టిన భిలాయ్ ఉక్కు కర్మాగారానికి దల్లీ రాజ్‌హరా గనుల నుంచి ఇనుప ఖనిజం వస్తుంది. ఆ గనులున్న బాలోద్ జిల్లాలోనే కర్కాభాట్ ఉంది. అక్కడ రాళ్లు కుప్పగా పేర్చిన బృహత్ శిలాయుగపు సమాధులు, వాటితో పాటు నిలువురాళ్లు ఉన్నాయి. ఉక్కు పనికి వచ్చి భిలాయ్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ముడుమల్ దూరమే కావచ్చు, కర్కాభాట్ మాత్రం ఒక పూటలో చూసి రాగల దూరం.

ఇంకా దక్షిణాన బస్తర్‌లో మరియా గోండులు చనిపోయినవారి జ్ఞాపకార్థం రాళ్లు నిలబెట్టే ఆచారాన్ని మన కాలం దాకా తెచ్చారు. ఆ రాళ్లను ఉరస్కల్ అంటారు. డబ్ల్యూ.వి. గ్రిగ్సన్ 1938లో వెలువడిన తన పుస్తకంలో బస్తర్ మరియా గోండుల జీవితాన్ని నమోదు చేశారు. ముడుమల్ రాళ్లు నిలబెట్టినవాళ్లు తమ ఉద్దేశం రాసి పెట్టలేదు. బస్తర్‌లో మాత్రం రాయి ఎవరి కోసమో చెప్పగలిగిన మనుషులు ఉన్నారు. అలాగని ఒకచోటి అర్థాన్ని మరోచోటికి అంటగట్టకూడదు. అయితే రాయి, నేల, జ్ఞాపకం ఒకదానితో ఒకటి ఎలా ముడిపడతాయో అర్థం చేసుకోవడానికి అది ఒక జీవ పాఠం.

మేడ మీద ఒక ప్రయోగం

ఈ పాఠాన్ని ఇంటి దగ్గరే సరిచూసుకోవచ్చు. భిలాయ్‌లోని స్మృతి నగర్‌లో తూర్పు వైపు అడ్డంకి లేని మేడ ఉంటే చాలు.

ముందు నిజమైన తూర్పును కనుక్కోవాలి. చదునైన చోట ఒక కర్రను నిటారుగా నిలబెట్టి, దాని మొదలు కేంద్రంగా నేల మీద ఒక వృత్తం గీయాలి. ఉదయం కర్ర నీడ కొస వృత్తాన్ని తాకిన చోట ఒక గుర్తు పెట్టాలి. మధ్యాహ్నం తరవాత నీడ మళ్లీ పెరిగి వృత్తాన్ని తాకిన చోట రెండో గుర్తు పెట్టాలి. ఆ రెండు గుర్తులను కలిపితే తూర్పు పడమరల గీత వస్తుంది. మన పూర్వ ఖగోళ శాస్త్రజ్ఞులు శంకువుతో దిక్కులు నిర్ణయించిన పద్ధతి ఇదే.

భిలాయ్ అక్షాంశం దాదాపు 21.2 డిగ్రీలు. అక్కడ అయనాంతపు ఉదయ స్థానం తూర్పు నుంచి సుమారు 25 డిగ్రీలు జరుగుతుంది. కర్ర మొదలు నుంచి ఆ గీతకు సమాంతరంగా తూర్పుకు 1 మీటరు కొలిచి, అక్కడి నుంచి దక్షిణానికి 47 సెంటీమీటర్ల దగ్గర ఒక రాయి పెట్టాలి. డిసెంబరు 22 తెల్లవారుజామున కర్ర వెనక నిలబడి, కర్రకూ రాయికీ సూటిగా చూస్తే, దాదాపు ఆ దిశలోనే సూర్యుడు కనిపిస్తాడు. ఎర్రగా, మందంగా ఉన్న తొలి క్షణం దాటాక నేరుగా చూడవద్దు. జూన్‌లో ఉత్తరం వైపు ఇదే కొలతతో చేయవచ్చు కానీ మబ్బులు అడ్డురావచ్చు.

మరునాడు ఎవరైనా ఆ రాయిని నాలుగు వేళ్ల దూరం జరిపితే ఏమవుతుందో కూడా చూడండి. రాయి అదే, మేడ అదే, సూర్యుడూ అక్కడే ఉంటాడు. కొలత మాత్రం తప్పుతుంది. కర్కాభాట్‌కో ముడుమల్‌కో వెళ్లినప్పుడు కాలికి తగిలిన చిన్న రాయిని తీసి పక్కన పడేసే ముందు ఈ ప్రయోగం గుర్తుకొస్తే చాలు.